గుడి మాటల పుట్టుక వెదకడం ఎలా: రుమేనియా భాషతో ఒక అభ్యాసం

ఒంగోలులో మా వీధి నుంచి వైద్యవిద్య కోసం రుమేనియా వెళ్లిన ఒక అమ్మాయి, అక్కడి ఆరాధనలో విన్న ప్రభువు ప్రార్థనను రాసి పంపి, "మాస్టారూ, వీళ్ల భాష లాటిన్ నుంచి పుట్టిందని పుస్తకాల్లో ఉంది. రష్యన్ తెలిసిన నా తోటి విద్యార్థి మాత్రం ఇందులో కొన్ని మాటలు తమవేనంటున్నాడు. ఏది నిజం?" అని అడిగింది. రెండూ నిజమే. అయితే ఆ మాట ఒక్కటి చెప్పి ఊరుకుంటే ఆమెకు సమాధానం దొరుకుతుంది కాని, రేపు మరో మాట ఎదురైనప్పుడు తనంతట తాను తేల్చుకునే శక్తి రాదు. అందుకని, ఒక భాషలోని క్రైస్తవ పదాలు ఎక్కడ పుట్టి, ఏ కాలంలో, ఏ దారిన వచ్చాయో వెదకే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. తత్సమం, తద్భవం, అన్యదేశ్యం అనే విభాగాలను బడిలో చదువుకున్న తెలుగువారికి ఈ పని సగం తెలిసినట్టే.

ముందుగా ఒక నోటుబుక్కు తీసుకొని ప్రతి పుటనూ ఐదు గళ్లుగా గీసుకోవాలి. మొదటి గడిలో మాట, రెండో గడిలో నేటి అర్థం, మూడో గడిలో ఆ మాట నేరుగా ఏ భాష నుంచి వచ్చిందో ఆ భాష, నాలుగో గడిలో దానికి వెనుక ఇంకేదైనా భాష ఉంటే అది, ఐదో గడిలో మన నమ్మకానికి ఆధారం రాయాలి. మూడో గడినీ నాలుగో గడినీ కలిపేయకూడదు. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే జరుగుతాయి. నిఘంటువు కావాలంటే రుమేనియన్ భాషకు డెక్స్ ఆన్‌లైన్ అనే ఉచిత నిఘంటువు అంతర్జాలంలో ఉంది. ప్రతి పదం చివర దాని మూలాన్ని సంక్షిప్తంగా ఇస్తారు: 'లాత్' అంటే లాటిన్, 'స్ల్' అంటే స్లావు (రష్యన్, బల్గేరియన్ వంటివి ఈ కుటుంబానివే), 'మగ్' అంటే హంగేరియన్, 'ఎత్. నెక్.' అంటే వ్యుత్పత్తి తెలియదని అర్థం. ఆ చివరి గుర్తు కనబడినప్పుడు మన గడిని కూడా ఖాళీగానే ఉంచాలి. రుమేనియన్‌లో మన లిపికి అందని అచ్చులు రెండున్నాయి. ఇక్కడ వాటిని 'అ', 'ఇ'లతోనే రాశాను కనుక, పలుకు తెలుసుకోవాలంటే అక్కడివారి నోట వినడమే మంచిది.

పని మొదలుపెట్టడానికి ప్రభువు ప్రార్థనను మించిన పాఠం లేదు, ఎందుకంటే అది చిన్నది, అందరికీ అర్థం తెలిసినది, పైగా నిత్యం నోట నానే మాటలతో కట్టినది. రుమేనియన్ ప్రార్థనలో తండ్రి (తత), పరలోకం (చెర్), పేరు (నుమె), రాజ్యం (ఇంపరత్సియె), భూమి (పమింత్), రొట్టె (పియినె), దినం (జి), క్షమించు (యెర్తా), చెడు (రవు) అనే మాటలన్నీ లాటిన్ సంతానమే. "పరిశుద్ధపరచబడు గాక" అనే చోట ఉన్న క్రియ, "చిత్తము" అనే అర్థమిచ్చే వోయె, "తప్పులు" అనే అర్థమిచ్చే గ్రెషాల, "శోధన" అనే అర్థమిచ్చే ఇస్పిత, "తప్పించు" అనే అర్థమిచ్చే ఇజ్బవీ, ఈ ఐదింటి మూలాలు మాత్రం స్లావు భాషవి. మిగిలిన కట్టుబడి అంతా, అంటే సర్వనామాలు, విభక్తి వంటి చిన్న మాటలు, వచ్చు, చేయు, ఇచ్చు వంటి క్రియలు, లాటిన్ నుంచి వచ్చినవే. ఆ తోటి విద్యార్థి గుర్తుపట్టినవి ఈ ఐదే అయివుంటాయి.

ఇలా విడదీశాక, ఏది పాతది ఏది కొత్తది అని తేల్చడానికి మొదటి పరీక్ష ధ్వని పరీక్ష. నా అనుభవంలో ఇంత గట్టి సాక్ష్యం మరొకటి లేదు, ఎందుకంటే అర్థాన్ని మనిషి తన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు కాని, ధ్వని మార్పు ఒక తరం నోట తెలియకుండా జరిగిపోతుంది. రెండు అచ్చుల నడుమ ఉన్న లాటిన్ 'ల' రుమేనియన్‌లో 'ర' అయింది. సూర్యుడు అనే సోలెమ్ స్వారె అయింది. ఆకాశం అనే కైలుమ్ చెర్ అయింది. దేవదూత అనే ఆంగెలుస్ ఇంజెర్ అయింది. బసిలిక బిసెరిక అయింది. ఇప్పుడు కనికరం అనే అర్థమిచ్చే మిల అనే మాటను చూడండి. అక్కడ 'ల' రెండు అచ్చుల నడుమనే ఉంది, అయినా 'ర' కాలేదు. కారణం స్పష్టం: ఆ మార్పు ముగిసిన తరువాత ఈ మాట స్లావుల నుంచి వచ్చింది. ఆరాధనలో పదే పదే పలికే "ద్వామ్నె, మిలుయెష్టె", అంటే "ప్రభువా, కనికరించు" అనే రెండు మాటల ప్రార్థనలో మొదటి మాట లాటిన్ దొమినుస్ కుమార్తె, రెండో మాట స్లావు మిల కుమార్తె. వందల ఏళ్ల ఎడంతో వచ్చిన రెండు మాటలు ఒకే నిట్టూర్పులో కలిసి వినిపించడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఈ తర్కం మనకు కొత్త కాదు. సంస్కృతంలో పదం మొదట ఉన్న 'య' ప్రాకృతాల్లో 'జ' అయినందువల్ల మనకు యాత్ర పక్కన జాతర, యోగి పక్కన జోగి, యౌవనం పక్కన జవ్వనం వచ్చాయి. అయితే యేసు అనే పేరు మన నోట జేసు కాలేదు, ఎందుకంటే ఆ మార్పు జరిగిన ఎన్నో శతాబ్దాలకు గాని ఆ పేరు తెలుగు నేలను చేరలేదు. జాతరను ఇంజెర్ పక్కన, యేసును మిల పక్కన పెట్టుకుంటే పరీక్ష ఎలా పనిచేస్తుందో మరచిపోవడం కష్టం.

ఇంకో రెండు ధ్వని సూత్రాలను కూడా నోటుబుక్కు అట్ట లోపల రాసుకోవాలి. లాటిన్ 'క్వ' తరువాత 'అ' ఉంటే రుమేనియన్‌లో 'ప' అవుతుంది: నీరు అనే ఆక్వ అప అయింది, నాలుగు అనే క్వాత్తువోర్ పత్రు అయింది. ఈ సూత్రం తెలిస్తే, ఉపవాస దినాలకు పాత పేరైన పరెసిమి అనే మాట లాటిన్ క్వాద్రాగేసిమ, అంటే నలభయ్యవది, అని పోల్చుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు. ఇప్పుడు ఆ పేరు వెనక్కి తగ్గి, స్లావు నుంచి వచ్చిన పొస్త్ అనే మాటే ఎక్కువగా వాడుకలో ఉంది. రెండో సూత్రం, 'ఇ', 'ఎ'ల ముందున్న 'ద' 'జ'గా మారడం: దినం అనే దియెస్ జి అయింది, దేవుడు అనే దెయుస్ జెవు అయింది. అందుకే దేవునికి రుమేనియన్ పేరు దుమ్నెజెవు, దొమినుస్ దెయుస్ అనే రెండు మాటలు, అంటే ప్రభువైన దేవుడు అనేవి, ఒక్కటిగా కరిగిపోయిన రూపం. ఒంటరిగా జెవు అంటే మాత్రం నేటి భాషలో అన్యుల దేవుడని అర్థం. అయితే ప్రతి మాటలోనూ ఇలాంటి ధ్వని దొరకదు. సిలువ అనే క్రుచె, క్రైస్తవుడు అనే క్రెష్టిన్, పాపం అనే పకాత్ వంటివాటికి ఇతర సాక్ష్యాలు కూడా చూడాలి.

రెండో పరీక్ష అర్థానిది. పాత మాట కొత్త మతంలోకి వచ్చినప్పుడు దాని పాత బతుకు ఏదో ఒక మూల మిగిలి ఉంటుంది, దానిని పట్టుకోవాలి. బసిలిక అంటే రోమన్ పట్టణాల్లో న్యాయ విచారణలకూ బేరసారాలకూ జనం కూడే పెద్ద సభామందిరం. 313లో క్రైస్తవానికి రాజ్యంలో స్వేచ్ఛ దొరికాక అలాంటి మందిరాల తీరున ఆరాధన స్థలాలు లేచాయి. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ భాషలవారు గ్రీకు మూలం గల ఎక్లేసియ, అంటే కూడిన సంఘం, అనే మాటను నిలుపుకోగా, రుమేనియన్లు కట్టడం పేరును పట్టుకున్నారు. మన ఊళ్లలో కొందరు "సంఘానికి పోతున్నాం" అని, కొందరు "గుడికి పోతున్నాం" అని అనడంలో ఉన్న తేడాయే అక్కడ దేశాల మధ్య తేడాగా కనిపిస్తుంది. సాతాను అనే అర్థమిచ్చే ద్రాక్ లాటిన్‌లో మహాసర్పం పేరు. ప్రకటన గ్రంథం చదివినవారికి ఆ దారి వెంటనే తెలుస్తుంది. అన్యమతస్థుడు అనే పగిన్ లాటిన్‌లో పల్లెటూరివాడు. భూమి అనే పమింత్ లాటిన్‌లో చదును చేసిన నేల, గచ్చు. చెడు అనే రవు న్యాయస్థానంలో నిలబడిన ముద్దాయి పేరు. ఆత్మ అనే సుఫ్లెత్ ఊదడం అనే ధాతువు నుంచి వచ్చింది, మన ప్రాణం, ఊపిరి అనే మాటలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నట్టే.

వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైనది క్షమించు అనే యెర్తా. అది లాటిన్‌లో బానిసను విడిచిపెట్టు, స్వేచ్ఛ ఇచ్చు అనే లీబెర్తారె. "మా తప్పులు క్షమించుము" అని ప్రార్థించే రుమేనియన్ రైతు, తనకు తెలియకుండానే, "మమ్మును విడుదల చేయుము" అని అడుగుతున్నాడు.

మూడో పరీక్ష చరిత్రది, అంటే మాట ఏ వాకిలి గుండా లోపలికి వచ్చిందో చూడడం. దీనికి కొన్ని తేదీలు చాలు. 106లో రోమన్ చక్రవర్తి త్రాజన్ దాకియాను, అంటే నేటి రుమేనియా ప్రాంతాన్ని, జయించాడు. 271, 275ల మధ్య ఔరేలియన్ చక్రవర్తి ఆ రాష్ట్రం నుంచి సైన్యాన్నీ పాలననూ వెనక్కి తీసుకున్నాడు. నేటి రుమేనియాలో భాగమైన త్రాన్సిల్వేనియాలోని బియెర్తాన్ దగ్గర 1775లో దొరికిన నాలుగో శతాబ్దపు కంచు పలకపై, క్రీస్తు గుర్తుతో పాటు, "నేను జెనోవియుస్ ఈ మొక్కు చెల్లించాను" అనే అర్థం వచ్చే లాటిన్ మాటలున్నాయి. ఆరో, ఏడో శతాబ్దాల్లో స్లావులు ఆ ప్రాంతాల్లో స్థిరపడ్డారు. 863లో కిరిల్, మెథోదియుస్ అనే సోదరులు మధ్య ఐరోపాలోని మొరావియాకు వెళ్లి స్లావు భాషలో ఆరాధనకు పునాది వేశారు. ఆ తరువాత ఒకటి రెండేళ్లకే బల్గేరియా రాజు బోరిస్ బాప్తిస్మం పొందాడు. డాన్యూబ్ నదికి అవతలి ఆ ప్రభావంతో రుమేనియన్ల గుడిలోకీ రాజాస్థానంలోకీ స్లావు భాష వచ్చి, పదిహేడో శతాబ్దం వరకు నిలిచింది. ఇంట్లో ఒక భాష, వేదిక మీద మరొక భాష. మన దగ్గర ఇంట్లో తెలుగు, పూజలో సంస్కృతం ఉన్నట్టుగానే.

ఆ వాకిలి గుండా వచ్చిన మాటలు చూడండి: పురోహితుడు అనే పొప, అధ్యక్షుడు (బిషప్) అనే వ్లదిక, సన్యాసి అనే కలుగర్, మఠం అనే మనస్తిరె, పూజాచిత్రం అనే ఇక్వాన, సాయంకాల ఆరాధన అనే వెచెర్నియె, పరదైసు అనే రాయ్, పాతాళం అనే యాద్, పరిశుద్ధాత్మలోని ఆత్మ అనే దుహ్. ఇక్కడే మూడో గడీ నాలుగో గడీ అవసరమవుతాయి. కలుగర్ గ్రీకులో "మంచి ముసలివాడు" అనే అర్థం గల మాట, యాద్ గ్రీకుల హాదేస్, ఇక్వాన గ్రీకుల ఐకోన్. కాని ఇవి రుమేనియన్ చేతికి అందింది స్లావు చేతి మీదుగా. గ్రీకు నుంచే వచ్చాయని రాస్తే సగం నిజం, స్లావు అని మాత్రమే రాస్తే మిగతా సగం. రక్షించు అనే మింతుయి మరో వాకిలి నుంచి, హంగేరియన్ నుంచి, వచ్చింది; రక్షకుడైన యేసుకు రుమేనియన్లు వాడే మింతుయితోర్ అనే బిరుదు ఆ మాట నుంచే పుట్టింది. అతి పవిత్రమైన పదం అతి ప్రాచీనమైనదే అయి ఉండాలని అనుకోకూడదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

జంటలు దొరికినప్పుడు వాటిని వదలకూడదు. పరిశుద్ధుడు అనడానికి నేటి మాట స్లావు మూలమైన స్ఫింత్. కాని సిన్‌పెత్రు వంటి ఊరి పేర్లలో, అంటే పరిశుద్ధ పేతురు ఊరిలో, లాటిన్ సాంక్తుస్ సిన్ రూపంలో దాగి ఉంది. మాటను వాడుక నుంచి తరిమేసినా ఊరి పేరు దానిని దాచి ఉంచుతుంది. సాక్షి అనే మార్తొర్ లాటిన్ ద్వారా వచ్చిన పాత రూపం. హతసాక్షి అనే ముచెనిక్ స్లావు. అదే అర్థంలో మర్తీర్ ఆధునిక కాలంలో ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నది. మార్తొర్, మర్తీర్ ఒకే గ్రీకు మాట రెండుసార్లు వచ్చిన ఫలితం. మనకు జాతర వేరు, యాత్ర వేరు అయినట్టు.

నాలుగోది, కనబడకుండా వచ్చే అరువు. ధ్వని సొంతం, కూర్పు పరాయిది. ఆశీర్వదించు అనడానికి బ్లగొస్లొవీ అనే స్లావు మాట ఉంది. బినెకువింతా అనే మాట కూడా ఉంది. రెండోదానిలో బినె అంటే మేలు, కువింత్ అంటే పలుకు, రెండూ లాటిన్ బిడ్డలే. అయినా ఆ రెండింటినీ కలిపి "మేలు పలుకు" అని కూర్చిన తీరు స్లావు మాటను చూసి వేసిన అచ్చు. స్లావు మాట మళ్లీ అదే అర్థం గల గ్రీకు మాటను చూసి వేసిన అచ్చు. ధ్వని పరీక్ష మాత్రమే చేసేవారు ఈ మాటను లాటిన్ గడిలో రాసి ముందుకు పోతారు. మన సువార్త, మారుమనస్సు ఇలాంటివే. 'సు', 'వార్త' రెండూ సంస్కృతమే అయినా, కూర్పు గ్రీకు మాటది. 'మారుమనస్సు' గ్రీకు మెతనోయా మాటకు దాదాపు అవయవానికి అవయవం సరిపోతుంది. రుమేనియాలో బాప్తిస్టులను జనం పొకయిత్సి, అంటే పశ్చాత్తాపం పొందినవారు, అని పిలుస్తారు. ఆ మాట స్లావుది. మారుమనస్సు అనే మాట మీద ఇంతగా నిలబడిన ఒంగోలు బాప్తిస్టులకు ఆ పేరు పరాయిగా వినిపించదు.

చివరి పొర మన తత్సమాల వంటిది. కొరెసి అనే ముద్రాపకుడు 1561లో బ్రషోవ్‌లో నాలుగు సువార్తలను రుమేనియన్‌లో అచ్చువేశాడు. 1688లో బుకారెస్త్‌లో బైబిలు పూర్తిగా వెలువడింది. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి త్రాన్సిల్వేనియా పండితులు తమ భాష లాటిన్ సంతానమని గట్టిగా చాటారు. పంతొమ్మిదో శతాబ్దంలో లిపి కూడా సిరిలిక్ నుంచి లాటిన్‌కు మారింది, లాటిన్, ఫ్రెంచి మాటలు విరివిగా వచ్చిపడ్డాయి. రోముతో ఐక్యమైన గ్రీకు కతోలికులు దుహ్‌కు బదులు స్పిరిత్ అంటారు. ఒకే దేశంలో ఒకే త్రిత్వానికి మాట మారితే సంఘం తెలుస్తుంది. నెల్లూరులో పవిత్రాత్మ, జ్ఞానస్నానం అన్నవారు కతోలికులనీ, పరిశుద్ధాత్మ, బాప్తిస్మం అన్నవారు ప్రొటెస్టెంటులనీ వినగానే పోల్చుకునే మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక జాగ్రత్తలు. "విశ్వాసపు మాటలు లాటిన్, వ్యవస్థ మాటలు స్లావు" అని చెప్పే అందమైన సూత్రం చాలాచోట్ల కనిపిస్తుంది. అందులో నిజం ఉంది: దేవుడు, సిలువ, పాపం, విశ్వాసం, ప్రార్థన, బాప్తిస్మం లాటిన్, మఠం, అధ్యక్షుడు, ఆరాధన క్రమం స్లావు. కాని పరిశుద్ధుడు, పరిశుద్ధాత్మలోని ఆత్మ, పరదైసు, పాతాళం, శోధన స్లావు. పురోహితుడికి మరో పేరైన ప్రెవోత్, బలిపీఠం అనే అల్తార్ లాటిన్. సూత్రాన్ని నిలబెట్టడం కోసం మాటలను దాచిపెట్టే వ్యాసాలను నమ్మవద్దు. అలాగే క్రిస్మస్‌కు రుమేనియన్ పేరైన క్రచున్ మీద పండితులు ఏకీభవించలేదు: సృష్టి అనే లాటిన్ మాట అని కొందరు, పిలుపు అనే లాటిన్ మాట అని కొందరు, స్లావు అని మరికొందరు. అక్కడ మూడు పక్షాలనూ రాసి ఐదో గడిలో "వివాదం" అని వేయడమే నిజాయితీ. లాటిన్ మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, రుమేనియన్ల పూర్వికులు డాన్యూబ్‌కు ఏ ఒడ్డున ఉండేవారో తేల్చవచ్చనుకోవడం కూడా తొందరపాటే. మాట వయసు చెబుతుంది కాని, ఇంటి నంబరు చెప్పదు.

పద్ధతి చేతికి వచ్చిందో లేదో చూసుకోవడానికి సొంత ఊరి మాటలతో ఇదే నోటుబుక్కు నింపండి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది పొందిన బాప్తిస్మం అనే మాట గ్రీకుది, దాని మొదటి అర్థం ముంచడం. రుమేనియన్ల బొతెజా కూడా ఆ గ్రీకు మాటే, కాని లాటిన్ నోట నలిగి వచ్చింది. పాదిరి పోర్చుగీసుల నుంచి, హల్లెలూయ, ఆమేన్ హీబ్రూ నుంచి, చర్చి ఇంగ్లీషు నుంచి వచ్చాయి. కాపరి, కానుక, బల్ల అనేవి మన ఇళ్లలోనూ పొలాల్లోనూ ఉన్న మాటలకే కొత్త పని అప్పగించినవి, బసిలికకు అక్కడ అప్పగించినట్టు. ఇంట్లో పెద్దమ్మలను, తాతలను అడిగి, వారి చిన్నతనంలో ఏ మాట వాడేవారో కూడా రాసుకోండి. వాడుక నుంచి జారిపోయిన రూపాలు వారి దగ్గరే ఉంటాయి. ఆ అమ్మాయికి నేను మొదటి అభ్యాసంగా ఇచ్చిన మాట సిలువ. మూడో గడిలో తమిళం అని, నాలుగో గడిలో సిరియా క్రైస్తవుల సిరియాక్ భాష అని రాసి, ఐదో గడిలో ఏం రాయాలో అడుగుతూ మళ్లీ ఉత్తరం పంపింది.